తారు రోడ్డుకూ, రాళ్ల దారికీ ఒకే బండి: షాక్‌ల ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

వారంలో ఐదారు రోజులు తారు రోడ్డు మీద తిరిగి, సెలవు దొరికితే రాళ్ల దారి పట్టే నాలుగు చక్రాల బండికి షాక్‌లు (షాక్ అబ్జార్బర్లు) కొనబోతే, అడిగిన ప్రతివాళ్లూ ఒక్కో కంపెనీ పేరు చెబుతారు. పేర్ల దగ్గర మొదలుపెడితే ఎప్పటికీ తేలదు. మీ బండి నిజంగా ఎంత బరువుంది, ఏ రోడ్డు మీద ఎన్ని కిలోమీటర్లు తిరుగుతోంది, ఈ రెండూ తేలాకే పేర్లు అడగాలి. కింది జవాబులు చాలావరకు ఆ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

అసలు షాక్ చేసే పని ఏమిటి?

బరువు మోసేది స్ప్రింగు. గుంటలో పడి లేచాక ఆ స్ప్రింగు ఊగుతూనే ఉంటుంది కదా, ఆ ఊపును చంపేది షాక్. గొట్టంలో నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కు సన్నని దారులు, వాటిని మూసి తెరిచే పల్చటి రేకులు. చక్రం కదిలినప్పుడల్లా నూనె ఆ దారుల్లోంచి దూరాలి. అక్కడ పడే శ్రమంతా వేడిగా మారి గొట్టం గోడల్లోంచి గాలిలోకి పోతుంది. ఈ వేడి సంగతి గుర్తుంచుకోండి, ముందుముందు చాలా ప్రశ్నలకు జవాబు అక్కడే ఉంది.

సామాను ఎక్కిస్తే వెనక భాగం కూర్చుండిపోతోంది. గట్టి షాక్‌లు వేస్తే లేస్తుందా?

లేవదు. అది స్ప్రింగు చేయాల్సిన పని. కాయిల్ స్ప్రింగులైనా, కమాను పట్టీలైనా బరువుకు తగినవి వేయాలి. మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉన్న) షాక్‌లో ఉండే గ్యాస్ ఒత్తిడి కడ్డీని కొద్దిగా బయటికి నెడుతుంది, అది నిజమే. 14 మి.మీ. కడ్డీ, 360 పీఎస్ఐ ఒత్తిడి అనుకుంటే ఆ తోపు దాదాపు 39 కిలోల బలం. బండి కొన్ని మిల్లీమీటర్లు లేచినట్టు కనిపించవచ్చు. దాన్ని నమ్ముకుని సామాను ఎక్కించకండి.

బండితో వచ్చిన షాక్‌లు బాగానే ఉన్నాయి. అయినా మార్చాలా?

బాగుంటే మార్చకండి. బండికి బరువు పెరగకపోతే, ఎత్తు పెంచకపోతే, మట్టి దారిలో గంటల తరబడి వేగంగా నడపకపోతే కంపెనీ షాక్‌లు చాలు. మనసు ఊరుకోవడం లేదంటే అది వేరే విషయం, ఆ జబ్బు నాకూ ఉంది.

మార్చాల్సిన గుర్తులు వేరు. గుంట దాటాక బండి ఒక్కసారి కిందికి మీదికి అయి నిలవాలి. రెండు మూడు సార్లు ఊగుతుంటే, బ్రేకు వేస్తే ముక్కు బాగా దిగిపోతుంటే, టైరు అరుగుదల చుట్టూ అక్కడక్కడ చిన్న గిన్నెల్లా గుంటలు పడుతుంటే షాక్ అయిపోవస్తోందన్నమాట. బానెట్ మీద చేత్తో నొక్కి ఊపి చూసే పాత పరీక్షను పెద్దగా నమ్మలేం. పూర్తిగా చచ్చిన షాక్‌ను మాత్రమే అది పట్టిస్తుంది. దానికంటే మంచి చిట్కా, గతుకుల మట్టి దారిలో ఓ ఇరవై నిమిషాలు నడిపి ఆపి, ఒకే యాక్సిల్ మీద ఉన్న రెండు షాక్‌ల గొట్టాలనూ జాగ్రత్తగా తాకి చూడటం. పనిచేసేది వేడెక్కుతుంది. పక్కదాని కంటే చల్లగా ఉన్నది పని మానేసింది. కాలేంత వేడి కూడా ఉండొచ్చు, ముందు వేలి వెనక వైపు దగ్గరగా పెట్టి చూడండి.

రోడ్డుకు కావాల్సిన గుణమూ, రాళ్ల దారికి కావాల్సిన గుణమూ ఒకటేనా?

కావు, తలనొప్పంతా అక్కడే. తారు రోడ్డు మీద మలుపు తిరిగినప్పుడు, బ్రేకు వేసినప్పుడు షాక్ కడ్డీ నెమ్మదిగా కదులుతుంది. ఆ నెమ్మది కదలికకు గట్టిగా అడ్డుకుంటేనే బండి ఒరగకుండా, తూలకుండా ఉంటుంది. రాయి ఎక్కినప్పుడు, గుంట అంచు తగిలినప్పుడు అదే కడ్డీ చాలా వేగంగా లోపలికి వస్తుంది. అప్పుడు దారి ఇవ్వాలి, లేకపోతే దెబ్బ మొత్తం మీ నడుముకు తగులుతుంది.

ఈ రెండింటినీ పొందించే పద్ధతిని బట్టి షాక్‌లు మూడు రకాలు. నెమ్మది కదలికకు గట్టిగా ఉండి, వేగం పెరిగేకొద్దీ అడ్డు అంతగా పెరగనిది డిగ్రెసివ్. బిల్‌స్టీన్ షాక్‌లకు ఈ పేరుంది. రోడ్డు మీద పట్టుగా ఉంటాయి, చిన్న చిన్న గతుకుల మీద మాత్రం కాస్త కటకటమంటాయి. వేగంతో పాటు అడ్డు సమంగా పెరిగేది లీనియర్. వేగం పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువగా అడ్డుకునేది ప్రోగ్రెసివ్. ఇది చిన్న గతుకులకు మెత్తగా ఉండి, బండి గాల్లోకి లేచి పడే దెబ్బను ఆపుకుంటుంది. ఎడారి పందేల బండ్లకు అది బాగుంటుంది. ఎత్తయిన బండిలో రోజూ ఆఫీసుకు వెళ్లేవారికి మలుపుల్లో అటూ ఇటూ ఊగడం తప్పదు.

నా మాటకు విలువిస్తే, కిలోమీటర్లలో ఎక్కువ భాగం తారు రోడ్డే అయినవారు మరీ తీవ్రంగా లేని డిగ్రెసివ్ రకం చూసుకోవడం మంచిది. సగానికి సగం మట్టి దారి అయితే లీనియర్. షాక్ అమ్మేవాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడగండి, జవాబు చెప్పలేకపోతే ఇంకో చోట చూసుకోండి.

ట్విన్ ట్యూబ్ మంచిదా, మోనోట్యూబ్ మంచిదా?

ట్విన్ ట్యూబ్‌లో గొట్టంలో గొట్టం ఉంటుంది. పిస్టన్ లోపలి గొట్టంలో తిరుగుతుంది, మిగులు నూనె, కొద్ది ఒత్తిడితో నింపిన నైట్రోజన్ బయటి గొట్టంలో ఉంటాయి. మోనోట్యూబ్‌లో ఒక్కటే గొట్టం. నూనె ఒక వైపు, బాగా ఒత్తి నింపిన నైట్రోజన్ ఇంకో వైపు, రెంటినీ వేరు చేస్తూ మధ్యలో జరిగే మూత. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టియాన్ బూర్సియే ద కార్బోన్ ఆలోచన ఇది. దాన్ని 1950లలో మెర్సిడెస్ బెంజ్ కార్లకు అందించి పేరు తెచ్చుకుంది జర్మనీ కంపెనీ బిల్‌స్టీన్.

వేడి దగ్గర మోనోట్యూబ్‌ది పైచేయి. నూనె ఉన్న గొట్టానికి నేరుగా గాలి తగులుతుంది. నూనె, గ్యాస్ కలవవు కాబట్టి నురగ రాదు. అదే బయటి కొలతలో పిస్టన్ కూడా పెద్దది పెట్టొచ్చు. మామూలు ట్విన్ ట్యూబ్‌లో పిస్టన్ 35 మి.మీ. అనుకుంటే, బిల్‌స్టీన్ 5100లో అది 46 మి.మీ. వైశాల్యం లెక్కేస్తే 1.7 రెట్లు ఎక్కువ.

మరి ట్విన్ ట్యూబ్‌ను ఎందుకు ఇంకా వాడుతున్నారు? రాళ్లలో బతుకుతుంది కాబట్టి. బయటి గొట్టానికి సొట్ట పడినా లోపలి గొట్టం క్షేమంగా ఉంటే పని ఆగదు. మోనోట్యూబ్‌కు పిస్టన్ తిరిగే చోట గట్టి సొట్ట పడితే పిస్టన్ అక్కడే ఇరుక్కుంటుంది. పైగా గ్యాస్ ఒత్తిడి తక్కువ కాబట్టి ట్విన్ ట్యూబ్ సీలు కడ్డీని గట్టిగా పట్టుకోదు, చిన్న గతుకుల మీద మెత్తగా ఉంటుంది. ఓల్డ్ మ్యాన్ ఎము నైట్రోచార్జర్ లాంటివి ఈ రకమే, దూర ప్రయాణాల వాళ్లు వాటిని ఏళ్ల తరబడి వాడుతున్నారు. మోనోట్యూబ్ అనగానే గొప్పది, ట్విన్ ట్యూబ్ అనగానే చవకబారుది అనుకోవడం పొరపాటు. నెమ్మదిగా రాళ్లెక్కే వారికి, కుటుంబంతో తిరిగే వారికి లావుపాటి మంచి ట్విన్ ట్యూబ్ హాయిగా ఉంటుంది. మట్టి దారిలో వేగంగా, గంటల తరబడి వెళ్లేవారికి మోనోట్యూబ్.

ఫోమ్ సెల్ అంటే ఏమిటి?

ట్విన్ ట్యూబ్‌లోనే ఒక రకం. బయటి గొట్టంలో విడిగా గ్యాస్ నింపకుండా, గ్యాస్ బుడగలు నిండిన ఫోమ్ ముక్కను పెడతారు. కడ్డీ లోపలికి వచ్చినప్పుడు ఆ ఫోమ్ నలిగి చోటిస్తుంది. నూనెలో గ్యాస్ కలిసే అవకాశం తక్కువ కాబట్టి నురగ ఆలస్యంగా వస్తుంది. బరువు ఎక్కువ, వేగం తక్కువ ఉన్న బండ్లకు నప్పుతుంది.

పక్కన చిన్న సీసాలా రిజర్వాయర్ ఉన్నవి కొనాలా?

చూడటానికి బాగుంటాయి, అందులో సందేహం లేదు. ముందు వేడి లెక్క చూడండి. మట్టి రోడ్డు మీద అలలు అలలుగా గట్లు పడతాయే, ఆ గట్టుకూ గట్టుకూ మధ్య 80 సెంటీమీటర్లు ఉందనుకుందాం. 60 కి.మీ. వేగంలో చక్రం సెకనుకు దాదాపు 20 సార్లు ఎగిరి పడుతుంది, నిమిషానికి 1,200 సార్లకు పైనే. ఇలా గంటసేపు నడిస్తే నూనె కాగి పల్చబడుతుంది, మామూలు షాక్ చేతులెత్తేస్తుంది. దీన్నే ఫేడ్ అంటారు. రిజర్వాయర్ ఉంటే నూనె ఎక్కువ పడుతుంది కాబట్టి వేడెక్కడానికి ఎక్కువ సమయం పడుతుంది. నైట్రోజన్ ఆ సీసాలోకి వెళ్లిపోతుంది కాబట్టి అంతే పొడవున్న షాక్‌లో కడ్డీకి ఎక్కువ కదలిక దొరుకుతుంది.

మీ దారిలో ఇలాంటి గంటలు ఉంటే కొనండి. అడవి దారిలో 15 కి.మీ. వేగంతో నెమ్మదిగా పాకేవారికి షాక్ అంతగా వేడెక్కదు. అదనపు గొట్టం, దాని క్లిప్పులు, కారే అవకాశం ఉన్న ఇంకో రెండు మూడు జాయింట్లు, ఇవే మిగులుతాయి.

2.0, 2.5 అని రాసి ఉంటుంది, ఏమిటవి?

గొట్టం వ్యాసం, అంగుళాల్లో. 2.0 అంటే సుమారు 51 మి.మీ., 2.5 అంటే 63.5 మి.మీ. లావు పెరిగితే నూనె పెరుగుతుంది, వేడి తట్టుకుంటుంది, బరువూ పెరుగుతుంది. ఫాక్స్, కింగ్ లాంటి కంపెనీలు ఈ లెక్కలో చెబుతాయి. ఓల్డ్ మ్యాన్ ఎము బీపీ-51 లాంటి పేర్లలో ఉన్నది మాత్రం మిల్లీమీటర్లలో లోపలి కొలత. అంగుళాల్లో ఉన్న బయటి కొలతనూ, మిల్లీమీటర్లలో ఉన్న లోపలి కొలతనూ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

బరువు గురించి ఇంత పట్టుబడతారెందుకు?

ఒకసారి చేతులు కాల్చుకున్నాను కాబట్టి. ఒక పాత బండికి 'హెవీ డ్యూటీ' అనే మాట చూసి, ఎప్పుడూ నిండా సామానుతో తిరిగే బండికి సరిపోయే స్ప్రింగులు, షాక్‌లు వేయించాను. సామాను ఎక్కించుకుని వెళ్లింది ఏడాదికి రెండుసార్లు. మిగతా రోజులంతా ఖాళీ బండి, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర వెనక చక్రాలు గెంతులు. తడి రోడ్డు మలుపులో ఒకసారి వెనక భాగం గతుకు మీద పక్కకు జరిగింది. ఆ టెన్షన్ చాలు, తీసేశాను.

విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), స్టీల్ బంపర్ కలిసి 60, 70 కిలోలు సులువుగా దాటుతాయి. 80 లీటర్ల డీజిల్ 67 కిలోల దాకా ఉంటుంది, 40 లీటర్ల నీళ్లు 40 కిలోలు. పైన రూఫ్ ర్యాక్, టెంట్, లోపల డ్రాయర్లు, రెండో బ్యాటరీ. నోటిలెక్కలో ఎప్పుడూ తక్కువే వస్తుంది. మీరు ఎక్కువ రోజులు ఎలా తిరుగుతారో అలాగే బండిని సిద్ధం చేసి, వేబ్రిడ్జి మీద ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా తూయించండి. కంపెనీ ఇచ్చిన ఖాళీ బరువు, గరిష్ఠ బరువు పక్కన రాసుకోండి. గరిష్ఠ బరువు దాటితే షాక్ మార్చడం కాదు, సామాను దింపడమే మందు. మంచి స్ప్రింగులు వేసినంత మాత్రాన ఆ హద్దు పెరగదు.

ఇక షాక్ ఎంత గట్టిగా ఉండాలన్నది స్ప్రింగు గట్టితనమూ, బరువూ రెండూ కలిసి తేలుస్తాయి. స్ప్రింగు ఒక్కటే 30 శాతం గట్టిదైతే షాక్ అడ్డు 14 శాతం పెరిగితే సరిపోతుంది. బరువూ 30 శాతం పెరిగితే అడ్డు కూడా 30 శాతం పెరగాలి. అందుకే స్ప్రింగు ఒక కంపెనీది, షాక్ ఇంకో కంపెనీది కలిపేటప్పుడు ఆ స్ప్రింగు రేటు (ధర కాదు, ఎంత బరువుకు ఎంత నలుగుతుందన్న లెక్క) చెప్పి మరీ అడగాలి. ఒకే చోట జతగా తయారైనవి తీసుకుంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

వేరే మోడల్ షాక్ కొలతలు సరిగ్గా సరిపోతున్నాయి. వేసుకోవచ్చా?

బోల్టులు సరిపోయినంత మాత్రాన పని సరిపోదు. ముందు చక్రాలు విడివిడిగా కదిలే బండిలో షాక్ చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌కు మధ్యలో ఎక్కడో బిగించి ఉంటుంది. చక్రం 100 మి.మీ. లేస్తే షాక్ 60 మి.మీ. మాత్రమే కదలవచ్చు. అప్పుడు చక్రం దగ్గరికి చేరే అడ్డు 0.6 కాదు, దాని వర్గం, అంటే 0.36 వంతు. ఇంకో మోడల్‌లో ఈ నిష్పత్తి 0.7 అయితే 0.49. ఒకే షాక్ ఒక బండిలో సరిగ్గా, ఇంకో బండిలో చెక్కలా ఉండటానికి ఇదే కారణం. మీ మోడల్ కోసమని లోపలి రేకులు అమర్చినవే కొనండి.

పొడవు ఎలా చూసుకోవాలి?

ఇక్కడ తప్పు జరిగితే షాక్ నెలలో విరుగుతుంది. పూర్తిగా మూసినప్పుడు పొడవు, పూర్తిగా తెరిచినప్పుడు పొడవు, బండి మామూలుగా నిలబడినప్పుడు రెండు బిగింపుల మధ్య దూరం, ఈ మూడు కొలతలు చాలు. ఒక షాక్ మూస్తే 380, తెరిస్తే 600 మి.మీ. అనుకుందాం. మొత్తం కదలిక 220. బండి నిలబడినప్పుడు దూరం 480 అయితే పైకి 100, కిందికి 120 మిగిలాయి.

చక్రం పైకి వెళ్లేటప్పుడు ముందు బంప్ స్టాప్ (చక్రాన్ని హద్దు దాటకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగలాలి. షాక్ అడుగు తాకకూడదు. బంప్ స్టాప్ పూర్తిగా నలిగిన తర్వాత కూడా షాక్‌లో సెంటీమీటరు, సెంటీమీటరున్నర మిగిలి ఉండాలి. పొడవాటి షాక్ వేసి బంప్ స్టాప్ కిందికి దించకపోతే, మొదటి పెద్ద గుంటలోనే పిస్టన్ వెళ్లి అడుగుకు గుద్దుకుంటుంది.

కిందికి వేలాడేటప్పుడు కథ తిరగబడుతుంది. బండి ఎత్తు 40 మి.మీ. పెంచి పాత షాక్‌లే ఉంచితే, అంతకుముందు కిందికి 120 ఉన్నచోట 80 మిగులుతుంది. చిన్న గుంటకే షాక్ చివరికంటా సాగి 'టక్' మంటుంది. ఆ శబ్దం మీకు వినబడుతుంటే చక్రం షాక్‌కే వేలాడుతోందని అర్థం. అలాగని మరీ పొడవైనది వేస్తే బ్రేకు పైపు, ఏబీఎస్ తీగ, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ సాగి తెగుతాయి. కొన్ని బండ్లలో కాయిల్ స్ప్రింగు కూర్చున్న చోటు నుంచి జారి బయటికి వస్తుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. అందుకే ఇరుసును జాకీ మీద పూర్తిగా దింపి, మళ్లీ పూర్తిగా ఎత్తి, స్టీరింగు అటూ ఇటూ తిప్పి, ఏది దేనికి తగులుతోందో ఒకసారి కళ్లతో చూడాలి.

ఎత్తు ఎంత పెంచితే మేలు?

రోజూ రోడ్డు మీద తిరిగే బండికి 40 నుంచి 50 మి.మీ. దగ్గర ఆగడం మంచిదని నా అభిప్రాయం. అది దాటితే ముందు చక్రాల డ్రైవ్ షాఫ్టుల కోణం పెరిగి జాయింట్లు త్వరగా అరుగుతాయి, స్టీరింగు కోణాలు మారతాయి, బరువు కేంద్రం పైకి వెళ్లి మలుపుల్లో భయపెడుతుంది. ఎంత పెంచినా అలైన్‌మెంట్ చేయించాలి. హెడ్‌లైట్ల వంపు కిందికి దించాలి, లేకపోతే ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. అద్దం వెనక కెమెరాతో లేన్ చూసుకునే బండి అయితే ఆ కెమెరాను మళ్లీ సర్దాల్సి రావచ్చు.

గుండీ తిప్పి గట్టితనం మార్చుకునే షాక్‌లు పనికొస్తాయా?

తిప్పేవాళ్లకు పనికొస్తాయి. వారం మొత్తం ఖాళీగా, సెలవుల్లో నిండా బరువుతో వెళ్లే బండికి ఇంతకంటే సుఖం లేదు. రాంచో ఆర్ఎస్9000లో తొమ్మిది మెట్లు ఉంటాయి, చేత్తో తిప్పేయవచ్చు. ఖరీదైన వాటిలో నొక్కుడుకు ఒకటి, తిరిగి సాగుడుకు ఒకటి విడివిడి గుండీలుంటాయి.

సర్దేటప్పుడు ఒకేసారి అన్నీ తిప్పితే ఏమీ అర్థం కాదు. ఒకే రోడ్డు ముక్క, ఒకే వేగం, ఒకే టైరు గాలి. పూర్తిగా బిగించి అక్కడి నుంచి వెనక్కి క్లిక్కులు లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. ఒకసారికి ఒకటి రెండు క్లిక్కులు, అదీ ఒక గుండీయే. గుంట దాటాక బండి పైకి ఎగిరి విసిరినట్టు అనిపిస్తే సాగుడు వైపు బిగించాలి. వరస గతుకుల్లో వెళ్లేకొద్దీ బండి కిందికి కూరుకుపోయి గట్టిపడుతుంటే అది తప్పుగా అర్థమయ్యే లక్షణం. చాలామంది షాక్ మెత్తగా ఉందనుకుని ఇంకా బిగిస్తారు. నిజానికి సాగుడు మరీ బిగిసిపోయి, ఒక గతుకు నుంచి తేరుకోకముందే చక్రానికి ఇంకోటి తగులుతోంది. వదులు చేయాలి.

మొదటి వారం తిప్పి తర్వాత మరిచిపోయే మనిషైతే, ఆ డబ్బుతో బరువుకు సరిగ్గా అమర్చిన మామూలు షాక్ కొనుక్కోవడం నయం.

కొత్త షాక్‌లు వేశాక బండి చెక్కలా ఉంది. కొన్నాళ్లకు అలవాటవుతాయా?

సీలు, బుష్‌లు (బిగింపుల దగ్గరి మెత్తటి తొడుగులు) సర్దుకునేసరికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది, కొంచెం మెత్తబడతాయి. అద్భుతం జరుగుతుందని మాత్రం ఎదురుచూడకండి. ముందు టైరు గాలి చూడండి. బలమైన పక్కగోడలున్న ఆఫ్‌రోడ్ టైర్లలో గాలి ఎక్కువైతే ఏ షాకూ కాపాడలేదు, ఎందుకంటే చిన్న గతుకును మింగాల్సింది టైరే. మట్టి దారి ఎక్కేముందు గాలి తగ్గించి, తారు రోడ్డు మీదికి వచ్చాక మళ్లీ నింపేవాళ్లకు షాక్‌ల మీద సగం ఫిర్యాదులు ఉండవు. పెద్ద, బరువైన టైర్లు వేసి షాక్‌ను తిట్టేవాళ్లూ ఉన్నారు. ఆ అదనపు బరువును అదుపు చేయాల్సింది షాకే పాపం.

రెండే మార్చవచ్చా?

ఒక యాక్సిల్ మీద రెండూ కలిపి మార్చవచ్చు. ఎడమ ఒకటి కొత్తది, కుడి ఒకటి పాతది మాత్రం వద్దు.

రబ్బరు బుష్‌లా, పాలీయూరిథేన్‌వా?

రోడ్డు ఎక్కువ ఉన్నవారికి రబ్బరే. శబ్దం తక్కువ, మెలితిరిగితే సాగుతుంది. పాలీయూరిథేన్ అనే గట్టి ప్లాస్టిక్ ఎక్కువ కాలం వస్తుంది, గ్రీజు తగ్గితే కీచుమంటుంది. పందేల బండ్లలో వేసే ఇనుప గుండు జాయింట్లు దుమ్ములో త్వరగా అరిగి కటకటలాడతాయి, రోజువారీ బండికి వాటితో పనిలేదు.

ఇంట్లో నేనే బిగించుకోవచ్చా?

ఇరుసు కింద విడిగా ఉండే షాక్ అయితే, పనిముట్లూ ఓపికా ఉన్నవారు చేసుకోవచ్చు. స్ప్రింగు లోపల కూర్చున్న స్ట్రట్ అయితే వద్దు. నొక్కి ఉన్న ఆ స్ప్రింగు జారితే చేయి పోతుంది, ప్రాణమే పోవచ్చు.

షాక్ విప్పేముందు ఇరుసు కింద స్టాండు పెట్టండి. చాలా బండ్లలో ఇరుసు మరీ కిందికి జారకుండా ఆపేది షాకే, దాన్ని తీసేస్తే భారమంతా బ్రేకు పైపు మీద పడుతుంది. మోనోట్యూబ్‌ను నొక్కి పట్టీ కట్టి పంపుతారు. ఒక చివర బిగించాకే ఆ పట్టీ కోయాలి. అందరూ మరిచేది ఇంకోటుంది. రబ్బరు బుష్ బోల్టులను బండి గాల్లో ఉన్నప్పుడు పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బరువు పడ్డాకే చివరి బిగింపు. లేదంటే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. 500 కి.మీ. తిరిగాక బోల్టులన్నీ మరోసారి చూసుకోండి.

స్టీరింగు భయంకరంగా వణుకుతోంది. గట్టి స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే పోతుందా?

స్టీరింగు ఊపును ఆపే చిన్న షాకే ఆ డ్యాంపర్. వణుకు కనబడకుండా పోతుంది, జబ్బు లోపలే ఉంటుంది. ముందు వైపు గట్టి ఇరుసు ఉన్న బండ్లలో వచ్చే ఈ వణుకుకు అరిగిన ట్రాక్ బార్ (ఇరుసు పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) బుష్‌లు, వదులైన బోల్టులు, బాల్ జాయింట్లు, టైరు బ్యాలెన్స్, ఎత్తు పెంచాక మారిన కోణాలు కారణం అవుతాయి. వాటిని సరిచేశాకే డ్యాంపర్ సంగతి.

కడ్డీ దగ్గర నూనె తడి కనిపిస్తోంది. షాక్ పోయినట్టేనా?

సీలు దగ్గర పల్చటి తడి, దానికి అంటిన దుమ్ము మామూలే. కడ్డీ తిరిగేటప్పుడు నూనె పొర కొద్దిగా బయటికి వస్తుంది. గొట్టం సగం దాకా తడిసి ధారలు కట్టినా, తుడిచాక రెండు రోజుల్లో మళ్లీ అంతే తడిసినా సీలు పోయింది. కడ్డీ మీద గోటికి తగిలే గీత ఉంటే సీలు మార్చినా నిలవదు. ఎండిన బురద సీలుకు గరుకు కాగితంలా పనిచేస్తుంది. బురదలో తిరిగి వచ్చిన రోజే కడ్డీలు కడగండి.

విప్పి బాగు చేసుకునే షాక్‌లు కొనడం తెలివైన పనేనా?

దగ్గరలో నైట్రోజన్ నింపి, సీళ్లు మార్చగల మనిషి ఉంటే తెలివైన పనే. నూనె కొత్తది, సీలు కొత్తది, కావాలంటే లోపలి రేకులు కూడా మీ బరువుకు తగ్గట్టు మార్చుకోవచ్చు. అలాంటి మనిషి లేకపోతే, సీలు పోయిన రోజు ఖరీదైన షాక్‌ను పెట్టెలో పెట్టి ఎక్కడికో పంపి, బండిని నెల రోజులు నిలబెట్టుకోవాలి. ఒక్కటే బండి ఉన్నవారు ఇది ఆలోచించాలి.

వారంటీ, ఇన్సూరెన్స్, చట్టం?

దేశాన్ని బట్టి మారతాయి. ఎత్తు మార్చని షాక్‌తో చాలాచోట్ల పేచీ ఉండదు, ఎత్తు పెంచితే అనుమతి, తనిఖీ అడిగే చోట్లున్నాయి. బండి తయారీదారు ఏం రాశారో చదివి, ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే రాతపూర్వకంగా చెప్పండి. ప్రమాదం జరిగాక చెప్పే సమాధానానికి విలువ ఉండదు.

తీసేసిన పాత షాక్‌లు ఏం చేయాలి?

ఇంకా పనిచేస్తుంటే దాచండి. బండి అమ్మేటప్పుడు మళ్లీ బిగించవచ్చు, దూర ప్రయాణంలో ఒకటి విరిగితే ఆదుకుంటుంది. పోయినవైతే కోయకండి, మంటలో వేయకండి, నూనె తీద్దామని డ్రిల్లు పెట్టకండి. లోపల ఒత్తిన గ్యాస్ ఉంటుంది. పాత నూనె తీసుకునే వర్క్‌షాప్‌కు ఇచ్చి, గ్యాస్ షాక్ అని నోటితో చెప్పి రండి.